విబూది అంటని చిన్న బిళ్ళ

అమెరికా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా చీరాలలో అందరూ అడిగేది ఒకటే, నయాగరా చూశావా అని. చూడలేదు. పడవ టిక్కెట్టు ధర విని నేనే వద్దన్నాను. నేను చేసింది నాలుగు రోజుల కారు ప్రయాణం. ఒళ్ళో ఒక కాఫీ డబ్బా, దాని నిండా అమెరికా వాళ్ళ పాత వెండి నాణేలు. ఆ నాణేలు నావి కావు. వాటికి సరైన ధర కట్టించి ఆ డబ్బు ఒకామెకి చేర్చడం నా పని. ఆ కథ ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ట్రాయ్

మా అమ్మాయి పద్మజ కాపురం మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. వాళ్ళ పక్కింట్లో లొరేన్ అని ఎనభై రెండేళ్ళ మనిషి ఒక్కతే ఉంటుంది. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. మా మనవరాలు హాసిని చిన్నప్పుడు బడి వదిలాక పద్మజ ఆఫీసు నుంచి వచ్చేదాకా లొరేన్ ఇంట్లోనే ఉండేది. ఆరేళ్ళు చూసుకుని ఒక్క డాలరు తీసుకోలేదట. నాకూ ఆమెకీ భాష కలవదు. ఆమె టమాటా మొక్కలకి నేను కర్రలు పాతి కట్టాను, ఆమె నాకు యాపిల్ పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె తెచ్చి ఇచ్చింది. స్నేహానికి అది చాలింది.

లొరేన్ మొగుడు ఎడ్ పోయి రెండేళ్ళు. సమాధి మీద ఇంకా రాయి లేదు. శ్మశానం వాళ్ళు గుచ్చిన ప్లాస్టిక్ పలక, దాని మీద కాయితంలో పేరు. ఒక వానాకాలం గడిచేసరికి ఆ పేరు కూడా కారిపోయింది. రాయికి రెండు వేల రెండు వందల డాలర్లు. పద్మజ ఇస్తానంటే లొరేన్ ఒప్పుకోలేదు. "ఎడ్ రాయి ఎడ్ డబ్బుతోనే" అందట. ఆ మాట నాకు నచ్చింది.

ఎడ్ డబ్బంటే ఆ కాఫీ డబ్బాయే. ఆయన ఉద్యోగం ఊళ్ళో చిల్లర వేస్తే బట్టలుతికే మిషన్ల డబ్బాల్లోంచి నాణేలు తీసి లెక్క అప్పజెప్పడం. పంతొమ్మిది వందల అరవై నాలుగు దాకా అమెరికా చిల్లరలో నిజమైన వెండి ఉండేది. తర్వాతి వాటిలో లోపల రాగి పెట్టారు. బిళ్ళని నిలబెట్టి అంచు చూస్తే తెలిసిపోతుంది. రాగి గీత కనిపిస్తే కొత్తది, అంచంతా తెల్లగా ఉంటే వెండిది. ఎడ్ ముప్ఫై ఏళ్ళు అంచులు చూసి వెండివి ఏరి, వాటి బదులు జేబులోంచి అంతే విలువైన కొత్తవి వేసేవాడట. అవిగాక వాళ్ళ నాన్న ఇచ్చిన పెద్ద డాలరు బిళ్ళలు ఇరవై నాలుగు.

ట్రాయ్‌లో ఒక కొట్టతను డబ్బా పైపైన కలిపి చూసి, మొత్తం పదకొండు వందలన్నాడట. అప్పటికే హాసినికి దక్షిణాన చాలా దూరంలో క్యారీ అనే ఊళ్ళో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సామానంతా కార్లో వేసుకుని తనే నడుపుకుంటూ వెళ్తానంది. ఆడపిల్ల ఒక్కతే అంత దూరమా అని నేను బయల్దేరాను.

"అమ్మమ్మా, దారిలో షాంటిలీలో కాయిన్ షో ఉంది. లొరేన్ కాయిన్స్ మనం తీసుకెళ్దామా? నీకు సిల్వర్ తెలుసు కదా?" అంది హాసిని.

తెలుసు. మా నాన్న చీరాల బజార్లో పాత వెండి కొని కరిగించేవాడు. నన్ను బడి మానిపించాక పెళ్ళయ్యేదాకా ఆ కొట్లోనే కూర్చున్నాను. లొరేన్ డబ్బా నా చేతుల్లో పెట్టి ఏదో అంది. హాసిని నవ్వుతూ చెప్పింది: "నువ్వు మార్కెట్‌లో దోసకాయలకి బేరం ఆడింది చూశాక వేరే ఎవరికీ ఇవ్వను అంటోంది."

బయల్దేరే ముందురోజు డబ్బా కుమ్మరించి చూస్తే ప్రాణం ఉసూరుమంది. నల్లగా, జిడ్డుగా, దరిద్రంగా ఉన్నాయి. అమ్మకానికి పోయే వస్తువు అలా ఉంటే ఎవడు ధర పెడతాడు? మనం వెండి సామాను ఎలా తోముతాం? ఇంటి నుంచి తెచ్చుకున్న విబూది పొట్లం విప్పి, తడి గుడ్డతో ఒక్కో పెద్ద బిళ్ళనీ రుద్దాను. ఇరవై నాలుగూ అద్దాల్లా తయారయ్యాయి. చిన్నవాటి దగ్గరకొచ్చేసరికి పొట్లం సగమైంది. అది ఆరు నెలలు రావాలి. అమెరికాలో చిటికెడు విబూది పొట్లానికి మూడు డాలర్లు అడుగుతారు. చిన్నవి ఎలా ఉన్నా చిన్నవేలే అని వాటిని నల్లగానే డబ్బాలో పోసేశాను.

ఒహాయో

పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. రెండు గంటలకొకసారి హాసిని కాఫీ అంటుంది. ఒక్క కాగితం గ్లాసు కాఫీ నాలుగున్నర డాలర్లు.

"నాలుగొందల రూపాయల కాఫీనా? ఇంట్లో ఫ్లాస్కు లేదూ?"

"అమ్మమ్మా, కన్వర్ట్ చేయకు, ప్లీజ్. చేస్తే ఏమీ తాగలేవు."

"అందుకేగా చేసేది" అన్నాను.

మధ్యాహ్నం ఒహాయోలో ఒక చిన్న ఊరు. వీధి చివర నాణేల కొట్టు కనబడితే ఆపమన్నాను. షాంటిలీ దాకా వెళ్ళేలోపు ఇంకో నోటి నుంచి కూడా ధర వినడం మంచిదని. కొట్టతను డెబ్భై ఏళ్ళవాడు, సన్నగా, చెవికి మిషనుతో ఉన్నాడు. బల్ల మీద ముఖమల్ గుడ్డ పరిచాడు. నేను గర్వంగా మెరిసే బిళ్ళలు ముందు పెట్టాను.

ఆయన ఒకటి తీసి దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. ఇంకొకటి తీశాడు. గద్ద బొమ్మ రెక్కల సందుల్లో గోరు పెట్టి గీకాడు. గోటికి తెల్లగా అంటింది.

"ఏంటిది?" అన్నాడు.

హాసిని నా వైపు చూసింది. "అమ్మమ్మా, నువ్వు క్లీన్ చేశావా?"

"తోమాను. ఏం?"

"వాట్ విత్?" అన్నాడాయన. హాసిని చెప్పింది, దేవుడి బూడిద అని. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు కళ్ళు నులుముకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. హాసిని ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. పాత నాణేలు కొనేవాళ్ళకి ఆ నలుపే కావాలట. ఎన్నో ఏళ్ళ గాలి తగిలి తనంతట తాను పట్టిన రంగు అది. రుద్దితే కంటికి కనిపించని గీతలు పడతాయట. ఒక్కసారి రుద్దిన నాణెం తూకానికే తప్ప ముచ్చటకి పనికిరాదట. అందులో రెండు బిళ్ళల వెనక సి.సి. అనే అక్షరాలున్నాయి. అవి ఎడారిలో ఎప్పుడో మూతబడిన టంకశాలలో కొట్టినవట. రుద్దకపోతే ఒక్కోటి రెండొందల యాభైకి పోయేది, ఇప్పుడు వందంటాడు.

మూడొందల డాలర్లు. ఎడ్ రాయిలోంచి మూడొందల డాలర్ల ముక్క నా చేత్తో నేనే విరగ్గొట్టాను. మన దగ్గర వెండి తెల్లగా ఉంటే ఇల్లాలు మంచిదంటారు. ఇక్కడ తెల్లగా ఉంటే పాడుచేశావంటారు. ఈ సంగతి లొరేన్‌కి చెప్పాలి. అప్పుడే అనుకున్నాను, దాచకూడదని.

"ఇట్స్ ఓకే అమ్మమ్మా, నీకు తెలీదు కదా" అంది హాసిని.

"వెండి కొట్లో పెరిగినదాన్ని. తెలీదంటే సిగ్గుచేటు" అన్నాను.

ఆ ముసలాయన మంచివాడు. డబ్బాలో మిగతా నల్లటి చిల్లర చూసి, "వీటిని తోమలేదా?" అన్నాడు. విబూది అయిపోతుందని ఆపానని హాసిని చెప్పింది. ఆయన మొదటిసారి నవ్వాడు. వీటిని కలగలిపి ఎవరికీ అమ్మొద్దన్నాడు. సంవత్సరం, దాని దగ్గరుండే చిన్న అక్షరం చూసి ముందు వేరు చేసుకోవాలట. ఒకే బొమ్మ, ఒకే వెండి, కానీ ఒక ఏడాది ఒక టంకశాలలో తక్కువ కొట్టి ఉంటే ఆ అక్షరమున్నదాని ధర వందల రెట్లట. తనకి ఈ పూట తీరిక లేదంటూ ఒక చీటీ మీద నాలుగు వరసలు రాసిచ్చాడు. నాలుగు సంవత్సరాలు, వాటి పక్కన అక్షరాలు. మొదటి వరస: డైమ్, 1916, డి.

డైమ్ అంటే పది సెంట్ల బిళ్ళ. మన చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. ఇంగ్లీషు పుస్తకం నేను చదవలేను గానీ అంకెలూ, ఏ బీ సీ డీలూ వచ్చు. నా చదువుకి సరిపోయే పని అది.

సలహాకి ఎంతివ్వాలని అడిగించాను. ఏమీ వద్దన్నాడు. ఊరికే తీసుకోవడం నాకు పడదు. సంచీలోంచి చేగోడీలు తీసి గుప్పెడు పెట్టాను. ఒకటి కొరికి, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు.

పెన్సిల్వేనియా హోటలు

ఈ రాష్ట్రంలో రోడ్డుకి డబ్బు కట్టాలి, కానీ పుచ్చుకునే మనిషి ఉండడు. కారు ఫొటో తీసి బిల్లు ఇంటికి పంపుతారట. అడిగేవాడు లేకుండా డబ్బు కట్టే జనాన్ని నేనెక్కడా చూడలేదు. చీకటి పడేలోగా కొండల మధ్య ఒక హోటల్లో దిగాం. గదికి నూట ఇరవై. పొద్దున టిఫిన్ అందులోనే అని తెలిశాక నా కోపం కొంచెం తగ్గింది.

తెల్లవారి టిఫిన్ హాల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. వెలుతురు బాగుంది. హాసిని పిండి పోసి తనే అట్టు వేసుకుంది. ఇక్కడ అట్లకి కూడా మిషనే. నేను రెండు అరటిపళ్ళు తిని రెండు సంచీలో వేసుకున్నాను. తర్వాత ఒక పెద్ద ట్రే తుడిచి, నల్ల చిల్లర అందులో పోశాను.

"ఇక్కడా?" అంది హాసిని చుట్టూ చూస్తూ. "పీపుల్ చూస్తున్నారు అమ్మమ్మా."

"చూడనీ. బియ్యం ఏరుతుంటే చూడ్డంలేదూ జనం?"

నిజంగా బియ్యం ఏరినట్టే ఏరాను. ట్రేని వంచి కొంచెం కొంచెం ముందుకి తోసుకుంటూ. అర డాలర్లు ఒక పక్క. అవి ముప్ఫై. చేతిలో పెట్టుకుంటే తులం కంటే పిసరు ఎక్కువ. పాత రూపాయి తులం తూగుతుందని తెలిసిన చెయ్యి ఇది. పావు డాలర్లు, అంటే పావలా బిళ్ళలు, నలభై. అవి ఇంకో పక్క. డైములు నూరుకి పైగా. ఒక్కోదాన్నీ బొటనవేలితో తిప్పి సంవత్సరం చూడడం, వెనక్కి తిప్పి అక్షరం చూడడం. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాక నా కళ్ళు పాతికేళ్ళ పిల్లవి.

బల్లలు తుడిచే ఆమె, పొట్టిగా, జడ చుట్టుకుని, స్పానిష్ మాట్లాడే మనిషి, నా పక్కన నిలబడి చూసింది. నేను చీటీ చూపించాను. ఆమె చదివి తలూపి, తన మెడలో వేలాడుతున్న చత్వారం కళ్ళజోడు తీసి నాకిచ్చి వెళ్ళిపోయింది.

అర డాలర్లలో ఏమీ లేదు. పావలాల్లో ఏమీ లేదు. డైములు సగమయ్యాయి. 1944. 1942. 1939. 1941. హాసిని ఫోను చూసుకుంటోంది. 1917. 1920. అప్పుడు ఒకటి వచ్చింది, బాగా అరిగి, మట్టి రంగులో. రెక్కల టోపీ పెట్టుకున్న ఆడమనిషి ముఖం. కింద 1916. నా చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పాను. కట్టెల మోపు బొమ్మ పక్కన, అడుగున, ఆవగింజంత డి.

హాసిని భుజం మీద తట్టి బిళ్ళ ముందు పెట్టాను. ఆ పిల్ల ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి, "ఓ మై గాడ్" అంది. తర్వాత "అమ్మమ్మా, దట్స్ ఎ డి" అంది. చివరికి హాలంతా వినబడేలా అరిచింది.

కళ్ళజోడు తిరిగిచ్చేటప్పుడు ఆ బల్లలు తుడిచే ఆమెకి కూడా చూపించాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. సంచీలో వేసుకున్న రెండు అరటిపళ్ళూ మళ్ళీ బుట్టలో పెట్టేశాను. ఎందుకో ఆ పూట తీసుకెళ్ళ బుద్ధి కాలేదు.

బిళ్ళని రుమాల్లో కట్టి రొంటిన దోపుకున్నాను. షాంటిలీ దాకా అరగంటకొకసారి తడుముకుంటూనే ఉన్నాను.

షాంటిలీ: లావణ్య ఇల్లు

షాంటిలీలో పద్మజ స్నేహితురాలు లావణ్య ఇంట్లో దిగాం. కరీంనగర్ పిల్ల, మొగుడూ పెళ్ళాలిద్దరూ సాఫ్ట్‌వేరు. ఇండియన్ కొట్లు దగ్గరే. గోంగూర కట్ట మూడు డాలర్లని విని నేను నోరు నొక్కుకుంటే, "ఇక్కడ గంతే ఆంటీ, తిన్నప్పుడు రేటు యాద్ చేస్కోవద్దు" అంది. సర్వపిండి కాల్చింది. అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా. రెండు తిన్నాను. మూడోది అడగకుండానే వేసింది.

నా విబూది సంగతి విని ఆమె నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. "మా అమ్మ అయితే పీతాంబరి పెట్టి తోముతుండె ఆంటీ. మీరు నయం."

"నయమేంటి, మూడొందలు పోయాయి" అన్నాను. అయినా నాకూ నవ్వొచ్చింది.

షాంటిలీ: నాణేల సంత

మర్నాడు సంత. గోడౌనంత హాలు, వరసగా బల్లలు, బల్లల మీద అద్దాల పెట్టెలు. మన తిరనాళ్ళలో గాజుల కొట్లు ఉన్నట్టు. ఒకటే తేడా, ఎవరూ పిలవరు. లోపలికి వెళ్ళడానికి మనిషికి ఆరు డాలర్లు. ముసలివాళ్ళకి తగ్గింపు లేదా అని అడిగించాను. లేదు. కట్టాను.

ముందు తూకం సరుకు అమ్మేశాం. ఆరు బల్లల దగ్గర ధర అడిగి, ఎక్కడా అమ్మకుండా, మళ్ళీ మొదటి బల్ల దగ్గరకే వచ్చి ఆరో బల్ల ధర చెప్పాను. హాసిని సిగ్గుతో చచ్చిపోయింది. "అమ్మమ్మా, దే కెన్ హియర్ అజ్." వినాలనే కదా చెప్పేది. మొత్తం మెరిసేవీ నల్లవీ కలిపి పదిహేను వందల ఇరవై వచ్చాయి. ఒక్క మెరిసే డాలరు బిళ్ళ మాత్రం ఆ ధరకే, పాతిక డాలర్లు నా చేతివి వేసి, నేను ఉంచుకున్నాను. నా తప్పు నా దగ్గర ఉండాలని.

ఇంకా ఆరు వందల ఎనభై కావాలి. రొంటిలోంచి రుమాలు తీశాను.

లావుపాటి మనిషి, గళ్ళ చొక్కా, మంచి ఖరీదైన నాణేలు పరిచిన బల్ల. బిళ్ళని కంటి అద్దంతో చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత పెదవి విరిచాడు.

హాసిని ముఖం వాడిపోయింది. "అక్షరం తర్వాత అతికించారట అమ్మమ్మా. ఈ కాయిన్‌కి అలా చాలా మంది చేస్తారట. ఆల్టర్డ్. యాభై డాలర్లు ఇస్తా అంటున్నాడు, జస్ట్ సరదాకి."

యాభై. ఎడ్ ఎవరి చేతిలోనో మోసపోయాడా? కానీ ఎడ్ కొనలేదు కదా, మిషను డబ్బాలో ఏరాడు. బట్టలుతకడానికి ఎవరు అతికించిన బిళ్ళ వేస్తారు? అదీగాక, నిజంగా పనికిమాలినదైతే ఆ మనిషి యాభై మాత్రం ఎందుకిస్తాడు? సరదా కోసమా? వెండి విలువ రెండు డాలర్లు లేని బిళ్ళకి?

బిళ్ళ ఇమ్మని చెయ్యి చాపాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మా నాన్న కొట్లో అతుకు పెట్టిన గజ్జెలు, అతుకు పెట్టిన గిన్నెలు వందలు చూశాను. అతికిన చోట మకిలి తెగుతుంది. ఎంత బాగా అతికినా ఆ చుట్టూ ఒక వెంట్రుకంత శుభ్రమైన గీత ఉంటుంది, లేకపోతే మకిలి కొత్తగా, వేరే రంగుగా ఉంటుంది. ఈ డి చుట్టూ చూశాను. మోపు కట్టెల మధ్య ఎంత నలుపో, అక్షరం మొదట్లో అంతే నలుపు. ఒకటే మకిలి, తెగకుండా, కట్టెల మీంచి అక్షరం ఎక్కి దిగింది.

తిరిగొచ్చి హాసినితో అన్నాను: "చెప్పు ఆయనకి. అతికించి ఉంటే అక్షరం మొదట్లో నలుపు తెగాలి. తెగిందేమో మళ్ళీ చూడమను. ఇది ఎవరూ రుద్దని బిళ్ళ. నేను కూడా రుద్దలేదు."

హాసిని చెప్పింది. ఇంగ్లీషులోనే అయినా ఆ పిల్ల గొంతు పెరగడం నాకు తెలిసింది. ఆ మనిషి భుజాలెగరేశాడు. కానీ పక్క బల్లావిడ లేచింది. తెల్ల జుట్టు బాబ్ చేసుకుని, మోచేతుల దాకా చొక్కా మడిచిన మనిషి. "నేను చూడొచ్చా?" అంది. ఆమె బల్ల మీద చిన్న మైక్రోస్కోపు ఉంది. అందులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తిప్పి అంచు చూసింది. మళ్ళీ అక్షరం.

"యువర్ గ్రాండ్‌మా..." అంది.

"అమ్మమ్మ" అంది హాసిని తెలుగులోనే.

"మీ అమ్మమ్మ ఏం పని చేసేది?"

వెండి కొట్టు అని హాసిని చెప్పింది. ఆమె తలూపింది. "షీ ఈజ్ రైట్" అంది. ఆ మాట నాకు తర్జుమా అక్కర్లేకపోయింది.

గళ్ళ చొక్కా మనిషి కుర్చీలోంచి లేచి, "నాలుగొందలు" అన్నాడు.

"ఇందాక యాభై అన్నావుగా, సరదాకి" అని తెలుగులోనే అన్నాను. హాసిని తర్జుమా చెయ్యలేదు. ఆయనకి అర్థమైంది.

మైక్రోస్కోపు ఆమె ఆరు వందలంది. నేను రుమాల్లో కట్టాను. ఆరు వందల యాభై అంది. రొంటిన దోపాను. హాసిని నా చీర కొంగు పట్టుకుని, "అమ్మమ్మా, ప్లీజ్, ఇట్స్ గుడ్" అంటోంది. నేను కుర్చీ అడిగి కూర్చుని, సీసాలో నీళ్ళు తాగాను. నాకేం తొందర? నా సంత ఇంకా సాయంత్రం దాకా ఉంది. ఏడొందలంది ఆమె. అప్పుడు ఎడ్ సమాధి గురించి చెప్పమన్నాను. ముందే చెప్పకూడదు, జాలి మీద కట్టే ధర వేరుగా ఉంటుంది. సరుకు ధర తేలాక చెప్పాలి.

ఆమె విని, నా వైపు చూసి, పెదవులు బిగించి నవ్వింది. "ఏడొందల నలభై. ఇంకేం చెప్పకు" అంది. ఇద్దరం చేతులు కలిపాం. పదిహేను వందల ఇరవై, ఏడొందల నలభై. రాయి వచ్చేసింది, పైన అరవై మిగిలింది.

హాల్లోంచి బయటికొస్తూ హాసిని నన్ను ఎత్తి గిరగిరా తిప్పినంత పని చేసింది. చీర ఊడుతుందని తిట్టాను. ఆ రోజు మాత్రం కాఫీ నేనే కొనిపెట్టాను. నాలుగున్నర డాలర్లది. కన్వర్ట్ చెయ్యలేదు.

క్యారీ

క్యారీ మరీ నిశ్శబ్దంగా ఉండే ఊరు. చెట్లు, కార్లు. నడిచే మనిషి నేనొక్కదాన్నే. హాసిని అపార్ట్‌మెంటులో పాలు పొంగించాం. పాలు పొంగి పొయ్యి మీద పడి పొగ రాగానే గోడ మీది మిషను కుయ్యోమని మొత్తుకుంది. హాసిని తువ్వాలు పట్టుకుని దానికి విసురుతుంటే పక్కింటాయన పరిగెత్తుకొచ్చాడు. ఆయనకీ పరమాన్నం పెట్టాం.

లొరేన్‌కి ఫోను చేశాం, ముఖం కనబడేలా. డబ్బు మాట చెప్పేముందు నా తప్పు చెప్పించాను. విబూదితో తోమాను, మూడొందలు నావల్ల పోయాయి, అవి నేనిస్తాను అని. లొరేన్ పకపకా నవ్వింది. డబ్బా మీద దుమ్ము తుడిచినందుకే ఎడ్ తనని రోజంతా సాధించేవాడట. నిన్నైతే వారం సాధించేవాడు రత్తమ్మా అంది. పేరు సరిగ్గా పలికింది, ఎక్కడ నేర్చుకుందో. తర్వాత మొత్తం ఎంతో చెప్పాం. ఆమె నవ్వు ఆగింది. ఫోను బల్ల మీద పెట్టేసింది, మాకు ఇంటి పైకప్పు మాత్రమే కనబడింది చాలాసేపు. మళ్ళీ ఫోను తీసుకుని, "నీ పర్సు లోపల పెట్టుకో" అంది. రెండోసారి చెప్పకముందే పెట్టేసుకున్నాను.

మళ్ళీ ట్రాయ్

నేను విమానంలో తిరిగొచ్చాను. ఐదు వారాలకి రాయి పెట్టారు. బూడిద రంగు గ్రానైటు, మన చీమకుర్తి రాయిలా ఉంది. లొరేన్ నన్నూ పద్మజనీ తీసుకెళ్ళింది. ఎడ్ పేరు లోతుగా చెక్కారు, వానకి కారిపోయేది కాదు. పక్కన లొరేన్ పేరు కూడా చెక్కించింది, ఒక్క తేదీ ఖాళీ ఉంచి. మన దగ్గరైతే అపశకునమని ఒప్పుకోరు. వాళ్ళకి అది ఒక పని తీరిపోవడం.

ఇక్కడ ఇంకో ఆచారముంది. సమాధి చూడ్డానికొచ్చినవాళ్ళు గుర్తుగా రాయి మీద ఒక నాణెం పెట్టి వెళ్తారట. అప్పటికే రాయి మీద రెండున్నాయి. లొరేన్ పర్సులోంచి ఒకటి తీసి పెట్టింది. నా వైపు చూసింది.

నా సంచీలో ఆ మెరిసే డాలరు బిళ్ళ ఉంది. పద్మజ, "అమ్మా, అది పెట్టు, బాగుంటుంది" అంది నెమ్మదిగా. తీశాను కూడా. చేతిలో బరువుగా, వానొచ్చేముందు ఎండలా తళతళలాడింది. గద్ద రెక్కల్లో ఇంకా కొంచెం విబూది ఉంది.

దాన్ని మళ్ళీ సంచీలో వేసేశాను. అడుగున చిల్లరలో వెతికి ఒక పావలా బిళ్ళ తీసి, నిలబెట్టి, అంచు చూశాను. రాగి గీత ఉంది. దాన్ని పెట్టాను.

లొరేన్ నేను అంచు చూడడం గమనించింది. రాయి మీద చెయ్యి వేసి, "ఎడ్, చూశావా?" అంది. వెండి బిళ్ళ ఆరుబయట వదిలేసి వెళ్తే ఆయనే ముందు లేచొచ్చి నన్ను తిట్టేవాడు.